మారిషస్ దేశీయ వ్యయం: వంద రెట్లు పెరిగితే అభివృద్ధేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మారిషస్ ప్రగతి గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో ఒక మాట ఉంది. ఆ దేశపు మొత్తం దేశీయ వ్యయం, అంటే దేశవాసులు ఒక ఏడాదిలో పెట్టే ఖర్చంతా, యాభై ఏళ్ల లోపే వంద రెట్లు దాటిందనీ, చిన్న ద్వీపం సాధించిన సంపదకు అదే నిదర్శనమనీ. అంకె నిజమే. దాని నుంచి తీసిన అర్థం మాత్రం నిలవదు. కోరంగి రేవులో ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన మనవాళ్ల వారసులున్న దేశమది. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తుంది. కాబట్టి మన పాఠకులు ఆసక్తిగా చదువుతారు. పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లు అంకెలు రాసిపెట్టుకుంటారు కూడా. అందుకే ఆ అంకెను ఎలా విప్పాలో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు వంద రెట్ల సంగతి. ప్రపంచ బ్యాంకు పట్టికల్లో మారిషస్ జీడీపీ వరుస 1976 నుంచి దొరుకుతుంది. ఆ ఏడాది జీడీపీ వాళ్ల రూపాయల్లో సుమారు 470 కోట్లు. 2023లో 60 వేల కోట్లు దాటింది. అంటే 130 రెట్లు. దేశీయ వ్యయమూ దాదాపు అంతే పెరిగింది. ఇవన్నీ ప్రస్తుత ధరల అంకెలు, అంటే ఏ ఏటి అంకె ఆ ఏటి ధరల్లోనే. ఈ 47 ఏళ్లలో ధరల పెరుగుదల తీసేసిన వాస్తవ ఉత్పత్తి సగటున ఏటా 4 శాతానికి కాస్త పైగా పెరిగింది. చక్రవడ్డీలా లెక్క కడితే అది ఏడు రెట్లు. 130ని ఏడుతో భాగిస్తే మిగిలే 18 రెట్లూ ధరలే. అదే కాలంలో జనాభా 9 లక్షల దగ్గర్నుంచి 12.6 లక్షలకు చేరింది, అంటే 1.4 రెట్లు. ఏడును దానితో భాగిస్తే తలకు ఐదు రెట్లు మిగులుతుంది. డాలర్లలో చూస్తే ఇంకో బొమ్మ కనిపిస్తుంది. 1976లో డాలరుకు ఆరున్నర రూపాయల పైచిలుకు ఉండేది, 2023లో 45 దాకా పలికింది. అందుకే డాలర్లలో జీడీపీ 20 రెట్లే పెరిగింది. 130, 20, 7, 5. నాలుగూ ఒకే దేశానికి, ఒకే కాలానికి చెందినవి. దేన్ని ఎందుకు తీసుకున్నారో చెప్పకుండా పెద్దదాన్ని శీర్షికలో పెడితే పాఠకుడు తప్పుదారి పడతాడు. తలకు ఐదు రెట్లు అన్నది చిన్న విషయమేమీ కాదు. ఆఫ్రికా పక్కన సముద్రం మధ్య ఉన్న ఒక చెరకు దీవికి అది గొప్ప ఫలితం. ఆ గొప్పతనం చెప్పడానికి ఉబ్బిన అంకె అక్కర్లేదు.

ఇక అసలు సంగతి, మొత్తం దేశీయ వ్యయం అంటే ఏమిటి? ఒక ఏడాదిలో దేశవాసులు చేసిన మూడు రకాల ఖర్చుల మొత్తం. కుటుంబాల వినియోగం, ప్రభుత్వ వినియోగం, పెట్టుబడి. పెట్టుబడిలో కట్టడాలు, యంత్రాలు, వాహనాలతో పాటు ఏడాది చివర గోదాముల్లో మిగిలిన సరకు నిల్వల్లో వచ్చిన మార్పు కూడా ఉంటుంది. కొన్న వస్తువు ఎక్కడ తయారైందన్నది ఈ లెక్కకు పట్టదు. కారు జపాన్ నుంచి వచ్చినా, బియ్యం భారత్ నుంచి వచ్చినా, కొన్నది మారిషస్‌వాసి అయితే అది దేశీయ వ్యయమే. జీడీపీ అందుకు భిన్నం. అది అక్కడ తయారైనదాని లెక్క. దేశీయ వ్యయానికి ఎగుమతులు కలిపి, దిగుమతులు తీసేస్తే జీడీపీ వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడాలోనే ఆ ద్వీపం కథ ఉంది.

కోవిడ్‌కు ముందరి సంవత్సరాల నిష్పత్తులను కాస్త గుండ్రం చేసి చూపుతాను. ఉత్పత్తి 100 అనుకోండి. కుటుంబాల ఖర్చు 76, ప్రభుత్వానిది 15, పెట్టుబడి 20. మొత్తం 111. సరకులు, సేవల ఎగుమతులు 42, దిగుమతులు 53. 111కి 42 కలిపి 53 తీసేస్తే మళ్లీ 100. అంటే 100 తయారుచేసి 111 ఖర్చు పెట్టారు. దేశీయ వ్యయాన్ని ఇలా జీడీపీలో శాతంగా చూపే అంకెనే ఇకపై నిష్పత్తి అంటాను. ఆ పై 11 బయటి నుంచి రావాలి. విదేశాల నుంచి వచ్చే వడ్డీ, లాభాల ఆదాయంగానో, విదేశీ పెట్టుబడిగానో, అప్పుగానో, విదేశీ మారక నిల్వలు కరగడంగానో. ఈ నాలుగింటిలో ఏది ఎంత అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఖర్చు ఎన్ని రెట్లు పెరిగిందన్నది దాని తర్వాతి సంగతి.

ఇక్కడే మరో అంకె కూడా తీయొచ్చు. 100 నుంచి కుటుంబాల 76, ప్రభుత్వం 15 తీసేస్తే మిగిలేది 9. అది దేశీయ పొదుపు. 1980ల చివర్లోనూ 1990ల్లోనూ ఇదే అంకె నాలుగో వంతు దగ్గర ఉండేది. పాతికేళ్లలో ఆ దీవి ఆర్థిక వ్యవస్థలో జరిగిన అతి పెద్ద మార్పు ఇదేనని నా అభిప్రాయం. దాని గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

ఈ మూడు పద్దుల్లో తరచూ పొరపాటు పడే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది పర్యాటకం. 2019లో మారిషస్‌కు 13.8 లక్షల మంది పర్యాటకులు వచ్చారు, దేశ జనాభా కంటే ఎక్కువ. వాళ్లు హోటళ్లలో, రెస్టారెంట్లలో, టాక్సీలకు పెట్టిన ప్రతి రూపాయీ ఎగుమతి కిందికి వస్తుంది, కుటుంబాల వినియోగంలోకి రాదు. దుకాణాల అమ్మకాల లెక్కతో మొదలుపెట్టేవాళ్లు దేశం నేల మీద జరిగిన మొత్తం కొనుగోళ్ల నుంచి విదేశీయుల కొనుగోళ్లు తీసేసి, మారిషస్‌వాసులు పారిస్‌లోనో ముంబైలోనో పెట్టిన ఖర్చు కలపాలి. ఈ రెండు సర్దుబాట్లూ మరిచిపోతే చిన్న దీవి విషయంలో తప్పు ఒకటి రెండు శాతంతో ఆగదు. హోటళ్లే ప్రధాన పరిశ్రమ అయిన చోట వినియోగం అంకె ఎంతో ఉబ్బిపోతుంది.

రెండోది పింఛను. మారిషస్‌లో అరవై దాటిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రాథమిక పింఛను ఇచ్చే పద్ధతి 2025 దాకా దశాబ్దాల పాటు సాగింది. 2014లో నెలకు 3,623 రూపాయలు ఉండగా ఆ డిసెంబరు ఎన్నికల తర్వాత 5,000 చేశారు. 2020 నాటికి 9,000 అయింది. ఆ తర్వాతా పెంచుతూ పోయారు. బడ్జెట్ పుస్తకంలో అది ప్రభుత్వ ఖర్చే. జాతీయ లెక్కల్లో మాత్రం ప్రభుత్వ వినియోగంలో కనిపించదు, ఎందుకంటే అది బదిలీ. ఆ డబ్బుతో పెద్దావిడ బియ్యం, మందులు కొన్నప్పుడు కుటుంబాల వినియోగంలో కనిపిస్తుంది. అందుకే బడ్జెట్ ఎంత పెరిగినా ప్రభుత్వ వినియోగం వాటా 15 దగ్గరే నిలబడి ఉంటుంది, కుటుంబాల వాటా 76కు ఎక్కుతుంది. ప్రభుత్వం పొదుపుగా ఉంది, జనమే దుబారా చేస్తున్నారు అని ఈ పట్టికను చూసి అనడం పెద్ద తప్పు. మారిషస్‌లో కుటుంబాల వాటా పెరుగుదలలో ఒక భాగం ఖజానా నుంచే వచ్చింది.

బడ్జెట్ అంకెల్ని నేరుగా పక్కన పెట్టి పోల్చకూడదనడానికి మరో కారణం ఉంది. జాతీయ లెక్కలు జనవరి నుంచి డిసెంబరుకు. బడ్జెట్ జూలై నుంచి జూన్‌కు. మధ్యలో 2010 నుంచి 2014 వరకు బడ్జెట్‌ను కూడా క్యాలెండర్ సంవత్సరానికి మార్చి, 2015లో మళ్లీ పాత పద్ధతికి వెళ్లారు. అటు మారేటప్పుడు ఒక ఆరు నెలల బడ్జెట్, ఇటు వచ్చేటప్పుడు ఇంకో ఆరు నెలల బడ్జెట్ పెట్టారు. ఆ ఆర్నెల్ల అంకెను పూర్తి ఏడాదిదనుకుని గ్రాఫు గీస్తే ఖర్చు సగానికి పడిపోయి మరుసటి ఏడు రెట్టింపైనట్టు కనిపిస్తుంది.

మూడోది విమానాలు. చిన్న దేశంలో ఒకే ఒక్క కొనుగోలు జాతీయ పెట్టుబడి అంకెను కదిలిస్తుంది. ఎయిర్ మారిషస్ ఒక పెద్ద విమానం కొన్న ఏడాది పెట్టుబడి ఎగసినట్టు కనిపిస్తుంది, దిగుమతులూ అంతే ఎగుస్తాయి, జీడీపీలో మాత్రం చలనం ఉండదు. అందుకే స్టాటిస్టిక్స్ మారిషస్ సంస్థ స్థిర పెట్టుబడిని రెండు రకాలుగా ప్రకటిస్తుంది, విమానాలు, ఓడలు కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి. ధోరణి చూడాలంటే రెండోదే వాడాలి. విమానాన్ని మామూలు అద్దెకు తెస్తే అది సేవల దిగుమతి, పెట్టుబడి కాదు. కొనుగోలుతో సమానమైన ఆర్థిక లీజు అయితే పెట్టుబడిలోకి వస్తుంది. ఒకే విమానం ఒప్పందాన్ని బట్టి వేరే వరుసలో కూర్చుంటుంది.

నిల్వల మార్పును చాలామంది వదిలేస్తారు. చెరకు కోత జూన్ నుంచి డిసెంబరు దాకా సాగుతుంది. నవంబరులో తయారై జనవరిలో ఓడెక్కే చక్కెర డిసెంబరు 31న గోదాములో ఉంటుంది కాబట్టి ఆ ఏడాది దేశీయ వ్యయంలో పడుతుంది. మరుసటి ఏడాది ఎగుమతి అయినప్పుడు తీసివేతగా వస్తుంది. చక్కెరే బతుకుతెరువైన 1970లలో ఓడలు ఆలస్యమైతే చాలు, నిష్పత్తి ఒకటి రెండు పాయింట్లు ఇటూ అటూ ఊగడానికి.

ఇక కాలక్రమం. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఎగుమతి అంటే దాదాపు చక్కెర ఒక్కటే. 1974లో ప్రపంచ చక్కెర ధర అనూహ్యంగా ఎగిసింది. మరుసటి ఏడాది యూరప్‌కూ దాని పాత వలస దేశాలకూ మధ్య కుదిరిన లోమే వాణిజ్య ఒప్పందంలోని చక్కెర ప్రొటోకాల్ కింద యూరప్ ఏటా 5 లక్షల టన్నుల దాకా హామీ ధరకు కొనేందుకు ఒప్పుకుంది. డబ్బు వచ్చిపడింది. జీతాలు పెరిగాయి, బియ్యం, గోధుమపిండి మీద సబ్సిడీలు పెరిగాయి, 1977 నుంచి సెకండరీ విద్య ఉచితమైంది. ఇవేవీ చెడ్డ పనులు కావు. ఉచిత విద్య లేకపోతే తర్వాతి దశాబ్దపు కర్మాగారాలకు చదువుకున్న కార్మికులు దొరికేవాళ్లు కాదు. చిక్కల్లా ఎక్కడంటే, చక్కెర ధర ఎంత వేగంగా ఎక్కిందో అంత వేగంగా దిగింది, ఖర్చు మాత్రం దిగలేదు. ఒకసారి పెంచిన జీతాన్నీ సబ్సిడీనీ వెనక్కి తీసుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. 1979లో చమురు ధర మళ్లీ ఎగిసింది. 1979 చివర, 1980 మొదట తుపానులు చెరకును దెబ్బతీశాయి. దేశీయ వ్యయం ఉత్పత్తిని బాగా మించిపోయి, విదేశీ మారక నిల్వలు కరిగి, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) దగ్గరకు వెళ్లక తప్పలేదు. 1979 అక్టోబరులో ఒకసారి, 1981 సెప్టెంబరులో మరోసారి రూపాయి విలువ తగ్గించారు. 1980లో ద్రవ్యోల్బణం 42 శాతం.

ఆ 42 శాతం గురించి ఒక్క నిమిషం ఆగాలి. ప్రస్తుత ధరల్లో చూస్తే 1980లో దేశీయ వ్యయం అంకె పెద్దగా పెరిగింది. ఆ ఏడాది నిజ ఉత్పత్తి పదో వంతు దాకా పడిపోయింది, జనం తిన్నదీ కట్టుకున్నదీ తగ్గింది. మీ వ్యాసంలోని వంద రెట్లలో ఈ ఏడాది 'పెరుగుదల' కూడా ఉంది. కడుపు మాడిన ఏడాదిని అభివృద్ధి ఖాతాలో వేయడం నాకు బాధగా అనిపించింది.

దిగుమతుల ధర ఒక్కటే పెరిగితే నిష్పత్తికి ఏమవుతుందో పై ఉదాహరణతోనే చూడండి. పరిమాణాలు ఏవీ మారలేదు, దిగుమతుల ఖరీదు మాత్రం ఐదో వంతు పెరిగి 53 కాస్తా 64 దగ్గరకు వెళ్లింది అనుకుందాం. ఆ భారమంతా కొనేవాళ్ల మీద పడితే దేశీయ వ్యయం 111 నుంచి 122 అవుతుంది. ఎగుమతులు అవే 42. జీడీపీ అదే 100. ఒక్క బియ్యపు గింజ అదనంగా రాకుండానే 'ఖర్చు' 11 పాయింట్లు పెరిగింది. ఆ దేశం చమురు, బియ్యం, గోధుమ దాదాపు అంతా బయటి నుంచే తెచ్చుకుంటుంది. కాబట్టి 1980లోనూ, 2008లోనూ, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లోనూ ఇలాంటి ఒత్తిడే పడింది. 2022లో ద్రవ్యోల్బణం 10.8 శాతం. కాబట్టి ప్రస్తుత ధరల నిష్పత్తి పక్కనే స్థిర ధరల నిష్పత్తి, అంటే ఒకే ఏటి ధరలతో అన్ని ఏళ్లనూ లెక్కగట్టినది, కూడా పెట్టుకోవాలి. మొదటిది ఎగసి రెండోది కదలకపోతే జనం ఎక్కువ కొనలేదు, ఎక్కువ చెల్లించారంతే. రెండూ ఎగిస్తే నిజంగానే ఎక్కువ కొన్నారు.

1980లలో జరిగింది దీనికి పూర్తి విరుద్ధం, పాఠ్యపుస్తకాల్లో చెప్పాల్సినంత అరుదైనది. 1982 జూన్ ఎన్నికల్లో ప్రధాన దీవిలోని 60 స్థానాలకు 60 ప్రతిపక్షం గెలిచింది. అప్పటి ఆర్థిక మంత్రి పాల్ బెరాంజే వామపక్ష నాయకుడైనా పొదుపు బాటే పట్టారు. ఏడాది తిరగకముందే ప్రభుత్వం చీలినా, 1983 తర్వాత అనెరూద్ జగన్నాథ్ ప్రభుత్వం అదే దారిలో నడిచింది. దేశంలో ఖర్చును బిగబట్టారు. రూపాయి విలువ తగ్గడంతో ఎగుమతి వస్తువు చవకైంది. 1970 చట్టంతో మొదలైన ఎగుమతి ప్రోత్సాహక మండలాల్లో ఉద్యోగాలు దశాబ్దం మొదట్లో 20 వేల చిల్లర ఉండగా, చివరికి 90 వేల దాకా చేరాయి, ఎక్కువ భాగం స్వెటర్లు, టీషర్టులు కుట్టే మహిళలవే. చమురు ధర పడిపోయిన 1986లో ఎగుమతులు దిగుమతులను దాటాయి. దేశీయ వ్యయం జీడీపీలో 100 లోపుకు వచ్చింది. యూరప్ కరెన్సీల్లో చక్కెర, దుస్తులు అమ్మి, బలహీనపడుతున్న డాలర్లలో చమురు కొనడం కూడా కలిసొచ్చింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ దుస్తుల ఫ్యాక్టరీలు నూలు, బట్ట చాలావరకు దిగుమతి చేసుకునేవి. కాబట్టి ఎగుమతులు ఇంత పెరిగాయని చెప్పే అంకెలో సగం వరకు తిరిగి బయటకు పోయే నూలు ఖరీదు ఉండొచ్చు. దేశీయ వ్యయానికి ఆ జబ్బు లేదు. దిగుమతైన నూలు దుస్తుగా మారి వెళ్లిపోతే రెండు పక్కలా కొట్టేసుకుంటుంది. 1992లో మొదలైన ఫ్రీపోర్టు (సుంకాలు లేని వాణిజ్య ప్రాంతం) నుంచి మళ్లీ బయటకు వెళ్లే సరకుకూ ఇదే వర్తిస్తుంది. చిన్న వాణిజ్య దేశాల ఆరోగ్యం చూడటానికి ఎగుమతుల పరిమాణం కన్నా ఈ నిష్పత్తే నమ్మదగినదని నేననేది అందుకే.

1980ల చివర నిష్పత్తి మళ్లీ 100 దాటింది. ఈసారి కారణం వేరు. 1990లో స్థిర పెట్టుబడి జీడీపీలో 30 శాతం దగ్గరికి వెళ్లింది. హోటళ్లు, ఫ్యాక్టరీలు, రోడ్లు. కుటుంబాల వినియోగం అప్పట్లో 65 శాతం లోపే ఉండేది. 1980లోనూ 1990లోనూ నిష్పత్తి 100 పైనే. ఒకటి సంక్షోభం, రెండోది నిర్మాణం. మొత్తం అంకె ఒక్కటే చూస్తే రెండూ కవలల్లా కనిపిస్తాయి. లోపల ఏ పద్దు కదిలిందో చూసినవాడికే తేడా తెలుస్తుంది.

2000ల మొదట్లో 100కు అటూ ఇటూగా ఉన్న నిష్పత్తి ఆ తర్వాత ఎక్కి, మళ్లీ కిందికి రాలేదు. మూడు దెబ్బలు ఒకదాని వెనుక ఒకటి తగిలాయి. 2005 జనవరి 1తో జౌళి కోటాల ఒప్పందం ముగిసి, హాంకాంగ్ పెట్టుబడిదారులు కొందరు మూటాముల్లె సర్దుకున్నారు. యూరప్ చక్కెర హామీ ధరను 2006 నుంచి 2009 మధ్య 36 శాతం తగ్గించింది. చమురు పైపైకి పోయింది. ప్రభుత్వం 2006 తర్వాత పన్నును 15 శాతం ఒకే రేటుకు తెచ్చి, విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచింది. డబ్బు బాగానే వచ్చింది. అందులో పెద్ద భాగం విదేశీయులకు అమ్మే సముద్రతీర విల్లాల పథకాల్లోకి వెళ్లింది. 2002లో మొదలైన సమీకృత రిసార్టు పథకం, తర్వాత వచ్చిన దాని తమ్ముళ్లు అలాంటివే. జాతీయ లెక్కల్లో విల్లా కట్టడం పెట్టుబడే. కానీ యంత్రం రేపు ఎగుమతి సరకును తయారుచేస్తుంది, విల్లా చేయదు. స్థిర పెట్టుబడిలో సగానికి పైగా కట్టడాలే ఉంటూ వచ్చాయి. యంత్రాలు, పరికరాల వరుస వెనకబడింది. పెట్టుబడి మొత్తం కూడా 2008 ప్రాంతంలోని 25 శాతం నుంచి తర్వాతి దశాబ్దం మధ్యకు 20 లోపుకు జారింది. నిష్పత్తి మాత్రం దిగలేదు, ఆ ఖాళీని వినియోగం నింపింది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

మరి ఆ పై 11 ఇన్నేళ్లుగా ఎలా నడిచింది? ఇందులో భారత్‌కు సూటి సంబంధం ఉంది. 1982 నాటి ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం వల్ల భారత్‌కు వచ్చే విదేశీ పెట్టుబడుల్లో పెద్ద భాగం మారిషస్ కంపెనీల మీదుగా వచ్చేది. ఆ కంపెనీల ఆదాయం, డిపాజిట్లు, ఫీజులు చెల్లింపుల శేషంలో, అంటే విదేశాలతో జరిగే లావాదేవీల పట్టికలో, మారిషస్ వైపు పడేవి. వస్తు, సేవల లోటును చాలావరకు పూడ్చింది ఈ ప్రవాహమే. 2016 మే నెలలో ఒప్పందాన్ని సవరించారు. 2017 ఏప్రిల్ తర్వాత కొన్న షేర్ల మీద లాభానికి, అంతకుముందులా కాకుండా, భారత్‌లో పన్ను పడుతుంది. 2019 ఏప్రిల్ నుంచి పూర్తి రేటు. ఆ తర్వాత వెంటనే ప్రవాహం ఆగిపోలేదు గానీ, దాని మీద శాశ్వతంగా ఆధారపడలేమని మాత్రం తేలింది.

2020లో ఈ అమరిక బలహీనత బయటపడింది. మార్చిలో సరిహద్దులు మూశారు. పూర్తిగా తెరిచింది 2021 అక్టోబరు 1న. పర్యాటకులు 13.8 లక్షల నుంచి 2020లో 3 లక్షలకు, 2021లో 2 లక్షల లోపుకు పడిపోయారు. జీడీపీ ఒక్క ఏడాదిలో 14 శాతానికి పైగా కుంగింది. ఎగుమతి వరుస కూలితే ఉద్యోగాలు పోయి కుటుంబాల వినియోగమూ కూలాలి. ప్రభుత్వం జీతాల్లో సాయం చేసి కొంత ఆపింది. దానికి డబ్బు కోసం సెంట్రల్ బ్యాంకు నుంచి 6,000 కోట్ల రూపాయలు ఖజానాకు బదిలీ చేశారు. కంపెనీలను ఆదుకోవడానికి 8,000 కోట్లతో వేరే సంస్థ పెట్టారు. అప్పటి అవసరం కాదనలేనిది. కానీ దాని ఖరీదు రూపాయి చెల్లించింది. 2020 మొదట్లో డాలరుకు 36 ఉన్నది రెండేళ్లలో 44 దగ్గరికి వెళ్లింది. దిగుమతుల ధర పెరిగింది, పైన చూపిన 122 లెక్క మళ్లీ మొదలైంది. 2025 బడ్జెట్‌లో పింఛను వయసును 60 నుంచి క్రమంగా 65కు పెంచుతామన్నప్పుడు వీధుల్లోకి వచ్చిన కోపం వెనుక ఉన్నదీ ఈ చరిత్రే. ముసలివాళ్లకు పింఛను ఇవ్వడం తప్పు కాదు. వినియోగం పెంచే ప్రతి నిర్ణయం పక్కన ఎగుమతి సామర్థ్యం పెంచే నిర్ణయం లేకపోవడం తప్పు. చివరికి సర్దుబాటు భారం పింఛనుదారు మీదే ముందు పడటం అన్యాయం.

ఈ అంకెలతో పనిచేసే విద్యార్థుల కోసం మరి కొన్ని జాగ్రత్తలు. నిష్పత్తికి హారంగా మార్కెట్ ధరల్లో జీడీపీనే వాడాలి. ప్రాథమిక ధరల్లో స్థూల విలువ జోడింపు అనే అంకె పక్క పట్టికలోనే ఉంటుంది. వస్తువుల మీద పన్నులు అందులో ఉండవు కాబట్టి అది దాదాపు 12 శాతం చిన్నది. పొరపాటున దానితో భాగిస్తే 111 కాస్తా 126 అవుతుంది, లేని సంక్షోభం పుట్టుకొస్తుంది. దిగుమతుల విషయంలో కస్టమ్స్ అంకెలో ఓడ కిరాయి, బీమా కలిసి ఉంటాయి. చెల్లింపుల శేషంలో సరకు ధర విడిగా, కిరాయి సేవల కింద విడిగా ఉంటుంది. కస్టమ్స్ సరకుకు సేవల దిగుమతిని కలిపితే కిరాయి రెండుసార్లు లెక్కకొస్తుంది. హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్న దీవికి ఓడ కిరాయి చిన్న మొత్తం కాదు. స్థిర ధరలకు ప్రమాణంగా తీసుకునే ఆధార సంవత్సరం మారినప్పుడు పాత వరుసనూ కొత్త వరుసనూ నేరుగా అతికించకూడదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఏడాది తీసుకుని, పాత వరుస వృద్ధి రేట్లతో వెనక్కి నడవాలి. అలా చేసినప్పుడు స్థిర ధరల్లో మూడు పద్దుల మొత్తం మొత్తానికి సరిపోకపోవచ్చు. అది తప్పు కాదు, వరుసల్ని ఇలా ఒకదానికొకటి కలుపుకుపోయే గొలుసు పద్ధతి లక్షణం. బలవంతంగా సరిపెట్టడమే తప్పు.

మన రాష్ట్రాలకు ఇదే లెక్క కడదామని ఎవరైనా ఉత్సాహపడితే ఒక హెచ్చరిక. మారిషస్‌కు చుట్టూ సముద్రం. పోర్ట్ లూయీ రేవు, ప్లేజాన్స్ విమానాశ్రయం, ఈ రెండు గుమ్మాల దగ్గర కూర్చుంటే వచ్చేపోయే సరకు దాదాపు అంతా లెక్కకు దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ జీఎస్‌డీపీని (రాష్ట్ర స్థాయి జీడీపీని) ఉత్పత్తి వైపు నుంచే కడతారు. కుటుంబాలు, పెట్టుబడి, ఎగుమతి, దిగుమతి అంటూ ఖర్చు వైపు అధికారిక లెక్క లేదు. కోదాడ దాటి వచ్చే లారీలో ఉన్నది తెలంగాణ ఎగుమతా, ఇంకో రాష్ట్రం సరకు మధ్యదారా అని నమోదు చేసే పద్ధతి ఎప్పుడూ సరిగా లేదు. జీఎస్‌టీ వచ్చాక చెక్‌పోస్టులు కూడా పోయాయి. ఈ-వే బిల్లుల సమాచారంతో అంచనా కట్టవచ్చు, కానీ అందులో సేవలు రావు. హైదరాబాద్ ఐటీ ఆదాయం లేని తెలంగాణ వ్యయం లెక్క ఎవరికీ పనికిరాదు. కాబట్టి 'మారిషస్‌తో పోలిస్తే ఆంధ్ర ఖర్చు' అంటూ వచ్చే పట్టికలను నమ్మకండి, ప్రచురించకండి.

ఈ విషయం మీద మీరు మళ్లీ రాస్తే ఒక చిన్న పట్టిక వేయమని కోరుతున్నాను. 1980, 1986, 1990, 2003, 2008, 2019, 2023, ఈ ఏడు సంవత్సరాలు చాలు. ప్రతి ఏడాదికీ జీడీపీలో శాతంగా కుటుంబాల వినియోగం, ప్రభుత్వ వినియోగం, విమానాలు తీసేసిన స్థిర పెట్టుబడి, నిల్వల మార్పు, మొత్తం దేశీయ వ్యయం. ఆ పక్కన కరెంట్ ఖాతా లోటు (విదేశాల నుంచి వచ్చే రాబడి కన్నా అక్కడికి పోయేది ఎంత ఎక్కువో), ఆ ఏటి ద్రవ్యోల్బణం. అంకెలన్నీ స్టాటిస్టిక్స్ మారిషస్, ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. విమానాల కొనుగోలును విడదీసిన అంకె పాత సంవత్సరాలకు దొరక్కపోతే ఆ గడిలో మొత్తం పెట్టుబడి వేసి కింద ఆ సంగతి రాయండి, ఖాళీ మాత్రం వదలకండి.

భవదీయుడు,
జాతీయాదాయ లెక్కలు బోధించే ఒక అధ్యాపకుడు,
కాకినాడ